వుల్వర్‌హాంప్టన్‌లో 20.5: పీటర్ రాడ్‌ఫర్డ్ పరుగును ఎలా లెక్కకట్టాలి

పీఈటీ గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బడిపిల్లల స్పోర్ట్స్ క్విజ్ కోసం పాత రికార్డులు తిరగేస్తుంటే, 1960లో ఇంగ్లండ్‌కు చెందిన పీటర్ రాడ్‌ఫర్డ్ 200 మీటర్లలో 20.5 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడని కనబడింది. అదే ఏడాది రోమ్ ఒలింపిక్స్ 200 మీటర్ల ఫైనల్ జాబితా చూస్తే అతని పేరే లేదు. పైగా ఆ రికార్డు పెట్టింది 220 గజాల రేసులోనని ఇంకోచోట రాసి ఉంది. అచ్చుతప్పా, రికార్డులోనే తేడా ఉందా, ఇంతకీ ఆ మనిషి నిజంగా అంత గొప్ప స్ప్రింటరా అన్నది మీ సందేహం.

అచ్చుతప్పు కాదు. రికార్డూ నిజమే, ఫైనల్‌కు చేరకపోవడమూ నిజమే. జిల్లా, రాష్ట్ర మీట్లలో ఏళ్ల తరబడి స్టాప్‌వాచ్ పట్టుకుని ఫినిష్ లైన్ దగ్గర నిలబడ్డవాణ్ని కాబట్టి ఈ స్ప్రింటర్ అంటే నాకు మొదటినుంచీ ప్రత్యేకమైన అభిమానం. పతకాల పట్టిక ఒక్కటే చూస్తే అతని కెరీర్ సగమే అర్థమవుతుంది. ఆ టైమ్‌లు ఎవరు తీశారు, ఎలా తీశారు, ఎలాంటి ట్రాక్ మీద తీశారు అన్నది తెలిస్తేగాని మిగతా సగం తెలియదు. అందుకే జవాబు కాస్త పొడుగవుతుంది.

రాడ్‌ఫర్డ్ 1939 సెప్టెంబర్ 20న ఇంగ్లండ్ నడిబొడ్డున వాల్సల్‌లో పుట్టాడు. గుర్రపు జీనులు, తోలు సామాన్ల తయారీకి పేరున్న ఊరు అది. ఐదేళ్ల వయసులో కిడ్నీ జబ్బు చేసింది. మంచానికే పరిమితమై, తర్వాత చక్రాల కుర్చీలో గడిపాడు. అప్పటికి యుద్ధం ఇంకా ముగియలేదు, బ్రిటన్‌లో అందరికీ ఉచిత వైద్యం మొదలైంది 1948లో. అలాంటి రోజుల్లో ఆ జబ్బు నుంచి బయటపడటమే పెద్ద విషయం. ఆ పిల్లవాడు పద్దెనిమిదేళ్లకల్లా ఇంగ్లండ్ జెర్సీ వేసుకున్నాడు. మీ క్విజ్‌లో పిల్లలకు చెప్పదగ్గ సంగతి ఇదే అనుకుంటాను. కాకపోతే దీన్ని పట్టుదల కథగా మార్చి, మనసు పెడితే ఏ జబ్బయినా పోతుందన్నట్టు చెప్పకండి. జబ్బు నయమైంది, ఆ తర్వాత పరుగు వచ్చింది. వరస అదీ.

1958 అతనికి తొలి పెద్ద ఏడాది. ఆ జులైలో వేల్స్‌లోని కార్డిఫ్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. మిల్కా సింగ్ 440 గజాల్లో బంగారు పతకం గెలిచి మన దేశానికి ఆ క్రీడల్లో అథ్లెటిక్స్‌లో తొలి స్వర్ణం తెచ్చిన కార్డిఫే అది. 100 గజాల ఫైనల్‌లో జమైకాకు చెందిన కీత్ గార్డ్‌నర్ గెలిచాడు, రాడ్‌ఫర్డ్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. రిలేలో మాత్రం ఇంగ్లండ్‌కు స్వర్ణం వచ్చింది, ఆ నలుగురిలో అతనొకడు. నెల తిరిగేసరికి స్టాక్‌హోమ్‌లో యూరోపియన్ ఛాంపియన్‌షిప్స్. అక్కడ 100 మీటర్లలో కాంస్యం, రిలేలో రజతం. ఆ 100 మీటర్లు గెలిచింది జర్మనీ స్ప్రింటర్ ఆర్మిన్ హారీ. ఈ పేరు గుర్తుంచుకోండి, రోమ్‌లో మళ్లీ వస్తుంది.

ఇక మీరు అడిగిన రికార్డు. 1960 మే 28, వుల్వర్‌హాంప్టన్. అంతర్జాతీయ మీట్ ఏమీ కాదు, స్టాఫర్డ్‌షైర్ కౌంటీ ఛాంపియన్‌షిప్స్. మన లెక్కలో చెప్పాలంటే జిల్లా మీట్. ఆ రోజు రాడ్‌ఫర్డ్ 100 గజాలు 9.4 సెకన్లలో, 220 గజాలు 20.5 సెకన్లలో పూర్తిచేశాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు. జిల్లా మీట్‌లో ప్రపంచ రికార్డు అనగానే మనకు అనుమానం రావడం సహజమే. రాడ్‌ఫర్డ్ విషయంలో ఆ అనుమానం నిలబడదు. ఎందుకో చెబుతాను.

ముందు గజాల సంగతి. 220 గజాలంటే 201.168 మీటర్లు. అంటే 200 మీటర్ల కంటే మీటరుకు పైగా ఎక్కువ దూరం. ఎక్కువ దూరాన్ని 20.5లో పరిగెత్తినవాడు 200 మీటర్లను 20.5 లోపే దాటి ఉంటాడన్నది తేలిక లెక్క. అందుకే అప్పటి నిబంధనల ప్రకారం 220 గజాల టైమ్‌ను 200 మీటర్ల రికార్డుగా కూడా నమోదు చేసేవారు. 200 మీటర్ల పరుగులో తీసిన టైమ్ 220 గజాలకు చెల్లేది కాదు. ఒకే పరుగుతో రెండు రికార్డులు ఎలా వచ్చాయన్న సందేహం దీంతో తీరిందనుకుంటాను.

రెండోది వంపు. ఆ రోజుల్లో 220 గజాలు రెండు రకాలుగా పరిగెత్తేవారు. అమెరికాలో చాలాచోట్ల పొడవాటి తిన్నని ట్రాక్ ఉండేది, వంపే లేకుండా మొదటినుంచి చివరిదాకా సూటిగా పోవచ్చు. అలాంటి ట్రాక్ మీద డేవ్ సైమ్ అనే అమెరికన్ 1956లోనే 20.0 తీశాడు. వంపు తిరిగి పరిగెత్తే రికార్డు వేరే లెక్క. అది 1951లో ఆండీ స్టాన్‌ఫీల్డ్ కాలం నుంచి 20.6 దగ్గరే ఆగిపోయి ఉంది. బాబీ మారో లాంటి ఒలింపిక్ విజేత కూడా దాన్ని సమం చేశాడే తప్ప దాటలేదు. దాన్ని మొదట దాటినవాడు రాడ్‌ఫర్డ్. జులై మొదట్లో అమెరికా ఒలింపిక్ ట్రయల్స్‌లో స్టోన్ జాన్సన్, రే నార్టన్ ఆ 20.5ను అందుకునేదాకా ఆ రికార్డు అతనొక్కడిదే. ఆ తర్వాత మరికొందరు సమం చేశారు. 1963లో హెన్రీ కార్ 20.3 పరిగెత్తాకే అది చెరిగిపోయింది.

ఇప్పుడు అసలు విషయం, చేతి గడియారం, అంటే చేత్తో నొక్కే స్టాప్‌వాచ్. మీరు మీట్లు నడిపిస్తారు కాబట్టి చాలావరకు తెలిసే ఉంటుంది. అయినా క్విజ్ పిల్లలకు చెప్పడానికి పనికొస్తుందని రాస్తున్నాను. ఫినిష్ లైన్‌కు సూటిగా, ట్రాక్‌కు కొన్ని మీటర్లు వెనక్కి, మెట్ల స్టాండు మీద ఒకరి వెనక ఒకరు టైమ్‌కీపర్లు కూర్చుంటారు. 200 మీటర్ల స్టార్ట్ స్టేడియం అవతలి మూల ఉంటుంది. అక్కడి నుంచి ఫినిష్‌కు అడ్డంగా కొలిస్తే 110 మీటర్లకు పైనే. శబ్దం అంత దూరం రావడానికి సెకనులో దాదాపు మూడోవంతు పడుతుంది. తుపాకీ మోత విని బటన్ నొక్కితే ఆ మూడోవంతు సెకను రన్నర్‌కు అప్పనంగా వచ్చినట్టే. అందుకే కొత్తవాళ్లకు మేం మొట్టమొదట నేర్పేది చెవులు మర్చిపొమ్మని. చూపు స్టార్టర్ తుపాకీ మీదే ఉండాలి, పొగ కనబడగానే నొక్కాలి. వేలిని బటన్ మీద పెట్టి, అందులోని వదులు పోయేదాకా ముందే కాస్త అదిమి ఉంచుతాం. ఫినిష్‌లో తలకాయనూ చేతినీ చూడం, ఛాతీ గీతను తాకడమే చూస్తాం.

ఆ కాలపు గడియారాలు ముల్లు తిరిగేవి, సెకనులో పదోవంతు దాకా చూపేవి. ముల్లు రెండు గీతల మధ్య ఆగితే పెద్ద అంకెనే తీసుకోవాలి, చిన్నది కాదు. మొదటి స్థానానికి మూడు గడియారాలు. రెండు ఒకటే చూపితే అదే టైమ్, మూడూ మూడు రకాలుగా చూపితే మధ్యది. రికార్డు అన్నప్పుడు ట్రాక్ కొలత, గాలి వేగం అన్నీ కాగితం మీదికి రావాలి. అంటే జిల్లా మీట్ అయినంత మాత్రాన నోటిమాటగా ప్రపంచ రికార్డు రాసుకునే వీల్లేదు. వుల్వర్‌హాంప్టన్ టైమ్ ఈ పద్ధతులన్నీ దాటి అంతర్జాతీయ సమాఖ్య జాబితాకు ఎక్కింది.

అయితే చేతి గడియారానికి ఒక జబ్బు ఉంది, అది నిజాయితీకి సంబంధించింది కాదు. పొగ చూశాక బటన్ నొక్కడానికి మనిషికి కొంత ఆలస్యమవుతుంది. ఫినిష్‌లో మాత్రం రన్నర్ వస్తూ ఉండటం కనబడుతుంది కాబట్టి వేలు ముందే సిద్ధంగా ఉంటుంది, ఆలస్యం తక్కువ. మొత్తం మీద టైమ్ తగ్గి వస్తుంది. అందుకే చేతి టైమ్‌ను ఎలక్ట్రానిక్ టైమ్‌తో పోల్చాలంటే 100, 200 మీటర్లకు 0.24 కలపాలని తర్వాత కాలంలో ఒక లెక్క స్థిరపడింది. మిల్కా సింగ్ రోమ్ టైమ్ ఒక పుస్తకంలో 45.6 అనీ ఇంకోచోట 45.73 అనీ కనబడి మీరు కూడా ఎప్పుడో తికమకపడే ఉంటారు. మొదటిది అప్పటి అధికారిక చేతి టైమ్, రెండోది ఎలక్ట్రానిక్ లెక్క. రెండూ ఆ ఒక్క పరుగువే.

ఈ కొలబద్దతో రాడ్‌ఫర్డ్ 20.5ను చూద్దాం. 0.24 కలిపితే 20.74 అవుతుంది. అదనంగా పరిగెత్తిన మీటరుకు సుమారు 0.1 తీసేస్తే 20.6 చుట్టుపక్కల తేలుతుంది. రోమ్‌లో 200 మీటర్ల స్వర్ణం గెలిచిన ఇటలీ స్ప్రింటర్ లివియో బెరూటి ఎలక్ట్రానిక్ టైమ్ 20.62. ఈ మార్పిడి లెక్కలు అంచనాలే, బంగారం తూచినట్టు తూచలేం. అయినా ఒకటి మాత్రం ధైర్యంగా చెప్పగలను: మే నెలలో వుల్వర్‌హాంప్టన్ కౌంటీ మీట్‌లో పరిగెత్తిన ఆ పరుగు, సెప్టెంబర్‌లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన పరుగుకు దాదాపు సరితూగేది. అదీ సిండర్ ట్రాక్ మీద. కాలిన బొగ్గు రజను పరిచి అణిచిన నేల అది. వాన పడితే మెత్తబడుతుంది, లోపలి లేన్‌లో స్పైకులు దిగి దిగి గుంటలు పడతాయి. ఒలింపిక్స్‌కు సింథటిక్ ట్రాక్ వచ్చింది 1968లో, మెక్సికోలో. మన అమ్లాన్ బోర్గోహైన్ 2022లో 20.52తో అప్పటి జాతీయ రికార్డు రాసింది సింథటిక్ ట్రాక్ మీద. ఇది అమ్లాన్‌ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. 1960 నాటి 20.5 ఎంత బరువైనదో పిల్లలకు అర్థం కావాలని చెబుతున్నా.

మరి రోమ్‌లో ఏమైంది? ముందు 100 మీటర్లు చూడాలి, ఎందుకంటే 200 మీటర్ల జవాబు అందులోనే ఉంది.

ఆ వేసవిలో 100 మీటర్లలో 10.0 అందుకున్నవాళ్లు ఇద్దరు. జూన్‌లో జూరిచ్‌లో ఆర్మిన్ హారీ, జులైలో కెనడాకు చెందిన హ్యారీ జెరోమ్. హారీ జూరిచ్‌లో మొదట తీసిన 10.0ను స్టార్ట్‌లో తేడా ఉందని కొట్టేశారు. అరగంట తర్వాత మళ్లీ పరిగెత్తి మళ్లీ 10.0 తీశాడు! స్టార్ట్ అతని బలం. రాడ్‌ఫర్డ్ దానికి సరిగ్గా వ్యతిరేకం. స్టార్టింగ్ బ్లాక్స్ నుంచి ఆలస్యంగా లేస్తాడు, సగం దూరం దాటాక అందరినీ పట్టుకుంటాడు. ఇలాంటి రన్నర్‌ను చూస్తుంటే కోచ్‌కు ప్రతిసారీ టెన్షనే. 200 మీటర్లలో పట్టుకోవడానికి దూరం ఉంటుంది, 100 మీటర్లలో ఉండదు.

సెప్టెంబర్ 1న ఫైనల్. జెరోమ్ సెమీస్‌లోనే తొడ కండరం పట్టేసి తప్పుకున్నాడు. ఫైనల్‌లో హారీ, డేవ్ సైమ్ ఇద్దరికీ 10.2 ఇచ్చారు, హారీకి స్వర్ణం. వెనకబడి లేచిన రాడ్‌ఫర్డ్ రెండో సగంలో దూసుకొచ్చి కాంస్యం అందుకున్నాడు. అతని టైమ్ 10.3. నాలుగో స్థానంలో వచ్చిన క్యూబా ఫిగరోలాకూ 10.3, ఐదో స్థానంలో వచ్చిన అమెరికన్ ఫ్రాంక్ బడ్‌కూ 10.3. చేతి గడియారం ముందు ముగ్గురూ సమానమే, పతకం మాత్రం ఒక్కడికే. ఎలక్ట్రానిక్ లెక్కలో వరసగా 10.42, 10.44, 10.46. అంటే మూడో స్థానానికీ ఐదో స్థానానికీ మధ్య తేడా సెకనులో వందకు నాలుగు వంతులు, దూరంలో అరమీటరు కూడా లేదు. ఆ ఫైనల్ అంకెలు చూసినప్పుడల్లా ఫినిష్‌లో స్థానాలు నిర్ణయించే జడ్జీల మీద నాకు గౌరవం పెరుగుతుంది.

బ్రిటన్‌కు పురుషుల 100 మీటర్లలో ఆ తర్వాత ఒలింపిక్ పతకం రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1980లో మాస్కోలో స్కాట్లండ్ స్ప్రింటర్ అలన్ వెల్స్ గెలిచేదాకా రాడ్‌ఫర్డ్ కాంస్యమే చివరిది.

ఇక 200 మీటర్లు. 100 మీటర్లకు నాలుగు రౌండ్లు, ఆగస్టు 31న రెండు, సెప్టెంబర్ 1న రెండు. మర్నాడే 200 మీటర్లు మొదలు, ఒకే రోజు రెండు రౌండ్లు. సెప్టెంబర్ 3న సెమీస్‌కు వచ్చేసరికి రాడ్‌ఫర్డ్‌కు నాలుగు రోజుల్లో అది ఏడో రేసు. బెరూటి 100 మీటర్ల జోలికే పోలేదు, 200 మీటర్ల కోసం ఒళ్లు దాచుకున్నాడు. పైగా సెమీస్ డ్రా చూడండి: ప్రపంచ రికార్డును పంచుకున్న ముగ్గురూ, అంటే రాడ్‌ఫర్డ్, నార్టన్, జాన్సన్, ఒకే సెమీస్‌లో పడ్డారు. నాలుగోవాడుగా బెరూటి. సొంతగడ్డ మీద బెరూటి ఆ సెమీస్‌లోనే 20.5 తీసి రికార్డును సమం చేశాడు. ఆ రోజే ఫైనల్‌లో మళ్లీ అదే టైమ్ తీసి స్వర్ణం పట్టుకుపోయాడు. సెమీస్ నుంచి ముగ్గురే ఫైనల్‌కు వెళ్లాలి, రాడ్‌ఫర్డ్ మిగిలిపోయాడు. రెండు ఈవెంట్లూ పరిగెత్తిన నార్టన్ ఫైనల్ దాకా వెళ్లి కూడా రెండింటిలోనూ ఆరో స్థానమే తెచ్చుకున్నాడు. కాబట్టి రికార్డు వట్టిదనడానికి ఆ సెమీస్‌ను సాక్ష్యంగా చూపలేం. అలసట, డ్రా రెండూ కలిసివచ్చిన రోజు అది. నా అభిప్రాయం అడిగితే, 200 మీటర్లకే పరిమితమై ఉంటే రాడ్‌ఫర్డ్ రోమ్‌లో అందులో పతకం తెచ్చేవాడు. కానీ చేతిలోకి వచ్చిన 100 మీటర్ల కాంస్యాన్ని ఎవరు వదులుకుంటారు?

రోమ్‌లో అతనికి ఇంకో కాంస్యం కూడా ఉంది, 4×100 రిలేలో. అమెరికా జట్టు మొదట వచ్చింది. అయితే ఫ్రాంక్ బడ్ నుంచి రే నార్టన్ బ్యాటన్ అందుకునేసరికి దాన్ని మార్చుకోవాల్సిన జోన్ దాటిపోయింది, జట్టును తొలగించారు. జర్మనీకి స్వర్ణం, సోవియట్ యూనియన్‌కు రజతం. నాలుగో స్థానంలో ఉన్న బ్రిటన్ మూడుకు ఎగబాకింది. రాడ్‌ఫర్డ్‌తో పాటు డేవిడ్ జోన్స్, డేవిడ్ సీగల్, నిక్ వైట్‌హెడ్ ఆ జట్టులో ఉన్నారు. రిలే ప్రాక్టీసు అంటే ముఖం తిప్పుకునే పిల్లలకు ఈ రేసు గురించి తప్పకుండా చెప్పండి.

ఆ తర్వాతి ఏళ్లు వ్యక్తిగత ఈవెంట్లలో అంత గొప్పగా సాగలేదు. 1962లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఇంగ్లండ్ రిలే జట్టుతో మరో కామన్వెల్త్ స్వర్ణం వచ్చింది. 1964 టోక్యోలో బ్రిటన్ రిలే జట్టు ఫైనల్‌కు చేరి ఎనిమిదో స్థానంలో వచ్చింది. స్థానం సంగతి అలా ఉంచి ఆ నలుగురి పేర్లు చూడండి: రాడ్‌ఫర్డ్, రాన్ జోన్స్, తర్వాత బ్రిటన్ లిబరల్ డెమొక్రాట్ల పార్టీకి నాయకుడైన మెంజీస్ క్యాంప్‌బెల్, అదే టోక్యోలో లాంగ్‌జంప్ స్వర్ణం గెలిచిన లిన్ డేవిస్. క్విజ్‌లో కష్టమైన ప్రశ్న కావాలంటే ఇది పెట్టుకోవచ్చు.

పరుగు మానేశాక రాడ్‌ఫర్డ్ చదువు వైపు వెళ్లాడు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో క్రీడాశాస్త్ర ప్రొఫెసర్‌గా, ఆ తర్వాత లండన్ దగ్గరి బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. 1994 నుంచి 1997 దాకా బ్రిటిష్ అథ్లెటిక్ ఫెడరేషన్‌కు ఎగ్జిక్యూటివ్ చైర్మన్. అది కష్టకాలం. డయాన్ మోడాల్ అనే రన్నర్ డోపింగ్ కేసు, ఆమె నిర్దోషిగా తేలడం, కోర్టు ఖర్చులు, వీటన్నిటి మధ్య ఫెడరేషన్ ఆర్థికంగా కుదేలై 1997 అక్టోబర్‌లో చేతులెత్తేసింది. అప్పటికి రాడ్‌ఫర్డ్ పదవిలో లేడు. దాని గురించి ఇక్కడ ఇంకా రాయను, అది వేరే చర్చ.

నన్ను బాగా ఆకట్టుకున్నది అతని చరిత్ర పరిశోధన. 1809లో న్యూమార్కెట్‌లో వెయ్యి గంటల్లో గంటకో మైలు చొప్పున వెయ్యి మైళ్లు నడిచిన కెప్టెన్ బార్‌క్లే మీద 2001లో జీవితచరిత్ర రాశాడు. అంతకంటే ఆసక్తికరమైనది పాత టైమింగుల మీద అతని వాదన. 1770 మే నెలలో జేమ్స్ పారట్ అనే వీధి వ్యాపారి పందెం కట్టి, లండన్‌లో చార్టర్‌హౌస్ గోడ నుంచి షోర్‌డిచ్ చర్చి గేటు దాకా ఒక మైలు దూరాన్ని నాలుగు నిమిషాల్లో పరిగెత్తాడని ఒక నమోదు ఉంది. రోజర్ బానిస్టర్ 1954లో నాలుగు నిమిషాల లోపు మైలు పరిగెత్తి ప్రపంచాన్ని ఊపేశాడు కదా, అంతకు 184 ఏళ్ల ముందు ఇది అసాధ్యమని చాలామంది కొట్టిపారేస్తారు. రాడ్‌ఫర్డ్ కొట్టిపారేయలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో మంచి గడియారాలు ఉన్నాయి, పొలాలు కొలిచే గొలుసులతో దూరం కచ్చితంగా కొలవడం వాళ్లకు వచ్చు, పైగా పందెంలో రెండు వైపులా డబ్బు ఉన్నప్పుడు కొలతలో మోసం జరగనివ్వరు అన్నది అతని వాదన. నేను దాంతో పూర్తిగా ఏకీభవించను. దారి తిన్నగా ఉందా, పల్లమా అన్న ప్రశ్నలు ఉంటాయి. కానీ అతని వాదనలో నాకు నచ్చింది ఒకటుంది. పాత టైమ్ కనబడగానే వెంటనే నమ్మడమూ లేదు, వెంటనే తీసిపారేయడమూ లేదు. ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, తప్పు కొలిస్తే ఎవరికి నష్టం అని అడిగాడు. తన 20.5ను కూడా జనం ఇలాగే పరిశీలించాలని అతను కోరుకుని ఉంటాడు.

మీ క్విజ్ విషయానికొస్తే, ప్రశ్నలో 'ఇంగ్లండ్ స్ప్రింటర్ 200 మీటర్ల ప్రపంచ రికార్డు' అని మాత్రమే రాస్తే పిల్లలు ఇప్పటి టైమ్‌లతో పోల్చి గందరగోళపడతారు. జవాబు కాగితంలో ఇలా రాయండి: పీటర్ రాడ్‌ఫర్డ్, 1960 మే 28, వుల్వర్‌హాంప్టన్, వంపు ట్రాక్ మీద 220 గజాలు, చేతి గడియారంతో 20.5, 200 మీటర్ల రికార్డుగానూ నమోదు. రోమ్ పతకాలు అడిగితే రెండు కాంస్యాలు, 100 మీటర్లలో ఒకటి, 4×100 రిలేలో ఒకటి. పెద్ద పిల్లలైతే 10.42, 10.44, 10.46 బోర్డు మీద రాసి, వీటిని పదోవంతు గడియారంతో ఎలా చదవాలో వాళ్లనే చెప్పమనండి. క్విజ్ అయ్యాక నాలుగు స్టాప్‌వాచ్‌లు చేతికిచ్చి గ్రౌండ్‌లో అవతలి మూల నుంచి ఒకణ్ని పరిగెత్తించండి. పొగ రాని విజిల్ కాకుండా తెల్లజెండా దించి స్టార్ట్ ఇవ్వండి, లేకపోతే శబ్దం ఆలస్యమంతా వాళ్ల టైమ్‌లోకి వచ్చేస్తుంది.